పక్క నాడె తోసే వేగం

నా చెవుల విషయంలో నాకు పొగరుంది. ఉంటే తప్పేముంది? ధర్మవరంలో నలభై రెండేళ్లుగా రేడియోలూ టేప్ రికార్డర్లూ బాగు చేస్తున్నాను. మూత తెరవకుండానే, మోటారు తిరిగే చప్పుడు విని బెల్టు సాగిందో లేదో చెప్పేస్తాను. పాట ఒక్క పిసరు వేగంగా పోతున్నా నాకు ఒళ్లంతా చిరాకు మొదలవుతుంది. పెళ్లి భోజనానికి పిలిస్తే వెళ్లి, ఆ పందిట్లో పాటలు పెట్టినవాడి మోటారు సరిచేసి వచ్చిన రోజులున్నాయి. విందుకొచ్చి జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసేవాణ్ని నన్నొక్కణ్నే చూశామని జనం నవ్వేవాళ్లు. నవ్వనీ.

ఇప్పుడా పని ఎవరికి కావాలి? నా కొట్టుకు రెండు పక్కలా సెల్‌ఫోన్ షాపులే. నేను పాత క్యాసెట్లలో ఉన్నదాన్ని ఫోన్లోకో పెన్‌డ్రైవ్‌లోకో ఎక్కించి ఇస్తుంటాను. కువైట్‌కు పోయినవాళ్లు ముప్పై ఏళ్ల కిందట మాటలు నింపి పంపిన క్యాసెట్లు, ఎవరి తాతో చెప్పిన హరికథ, ఎవరి పిల్లో బడిలో పాడిన పాట. జనం వాటిని చీరల మడతల్లోంచి తీసి తెస్తారు. బూజు తుడిచి, తెగినచోట అతికించి, వేగం సరిచూసి ఇస్తాను. వేగం సరిచూసేవాణ్ని ఈ చుట్టుపక్కల నేనొక్కణ్నే. అందుకే బోర్డు మీద కూడా రాయించుకున్నాను.

మొన్న ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఒకామె వచ్చి, బ్యాగులోంచి క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద అంటించిన కాగితం పసుపెక్కింది గానీ, రాత నాదే. జయరాముడు, మగ్గం పాట, 1987.

"మామా, నేను సుజాతని. జయరాముని కూతుర్ని," అంది. "బత్తలపల్లెలో నర్సు పని చేస్తాండా."

ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత ఆ ఇంటి మనిషి నా కొట్టు మెట్టు ఎక్కింది. సంతోషం రావాలి కదా. నాకు కోపం వచ్చింది. నేనంతే.

"మీయమ్మ పంపిందా?"

"లేదు మామా. పెట్టెలోంచి నేనే తీసుకొచ్చినా."

ఇక్కడ జయరాముడెవరో చెప్పాలి. నా ప్రాణ స్నేహితుడు. పట్టుచీరలు నేసేవాడు. నేనతన్ని బావా అంటే అతనూ నన్ను బావా అనేవాడు. అందుకని అతని భార్య నాగలక్ష్మమ్మ నాకు చెల్లెలైంది, నేనామెకు అన్ననయ్యాను. చీరకు అంచు వేరే రంగులో రావాలంటే మగ్గం మీద ఒక్కరు చాలరు. నడుమ నేసేవాడు గుంటలో కూర్చుంటాడు, ఇంకొకరు పక్కన కూర్చుని అంచు దారం ఉన్న నాడెను పోగుల మధ్య అటూ ఇటూ తోయాలి. ఆ పక్క నాడె నాగలక్ష్మమ్మది. ఇద్దరి చేతులూ ఒకే వేగంలో కదలాలి, లేకపోతే అంచు ముడత పడుతుంది. చేతులు తప్పకుండా ఉండడానికి జయరాముడు సొంతంగా ఒక పాట కట్టుకున్నాడు.

అంచు నీది, ఒళ్లు నాది,
నాడె ఇట్ల తోయ్‌మే లచ్చుమీ

ఇంకా చాలా ఉంది. అంతా ఆమెను ఆటపట్టించడమే. ఆమె కూర వండితే ఉప్పు మరిచిందని ఒక చరణం, పుట్టింటి మాటెత్తితే ముఖం వెలుగుతుందని ఇంకో చరణం. ఆమె విసుక్కునేది గానీ చెయ్యి మాత్రం తప్పేది కాదు.

ఆమెకు ఏడో నెల వచ్చినప్పుడు పురిటికి గోరంట్ల పంపాలనుకున్నారు. "బావా, నా పాట పట్టి దానికిచ్చి పంపుదాం. ఆడ పొద్దుపోక ఏడుస్తాది," అన్నాడు జయరాముడు. నేను టేప్ రికార్డర్ పట్టుకుని వెళ్లాను. ఆ రోజు కరెంటు లేదు. సెల్లులు వేసి, వాళ్లిద్దరూ నేస్తుండగానే పాట పట్టాను. ఇంటికి తెచ్చి, వినకుండానే నాకోసం ఒక నకలు తీసుకున్నాను. అసలుది ఆమెకు ఇచ్చేలోగానే జయరాముడికి కామెర్లొచ్చాయి. పదిహేను రోజుల్లో మనిషి లేడు.

పదకొండో రోజు దినాలకు ఆ క్యాసెట్ తీసుకువెళ్లాను. ఆమెకు ఊరటగా ఉంటుందనే, మంచి మనసుతోనే. ఆ రోజు కరెంటు ఉంది. బంధువులందరి ముందూ పెట్టాను. గొంతు సన్నగా, గబగబా వచ్చింది. వెనక కూర్చున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. నాగలక్ష్మమ్మ లేచి వచ్చి, "ఆపన్నా. ఇది ఆయన గొంతు కాదు," అంది.

అక్కడితో ఊరుకోవచ్చు కదా. ఊరుకుంటే నేను నూర్ మహమ్మద్‌ను ఎలా అవుతాను? "పట్టినోన్ని నాకు తెలీదా? దుక్కంలో నీకు చెవులు చెడినాయి," అన్నాను. అందరూ విన్నారు. మొగుడు పోయి పదకొండు రోజులైన నిండు చూలాలితో అన్న మాట అది. నేను క్యాసెట్ చాప మీద పెట్టేసి వచ్చేశాను.

అప్పటినుంచి మాటల్లేవు. ఒకే ఊళ్లో ఉంటూ, ఆమె వీధి మీదుగా పోవలసి వస్తే మార్కెట్టు చుట్టి పోయేవాణ్ని. నా భార్య రమీజా మాత్రం రంజాన్‌కు ఆ ఇంటికి సేమ్యా పంపడం మానలేదు. ఉగాదికి ఆ ఇంటినుంచి ఓళిగలు రావడమూ ఆగలేదు. వాటిని నేనే ముందు తినేవాణ్ని. గిన్నెలు పోయేవి, వచ్చేవి. మాట మాత్రం పోలేదు, రాలేదు.

"ఇప్పుడెందుకు తెచ్చినావు పాపా దీన్ని?" అని సుజాతను అడిగాను.

"అమ్మకు ఒక చెవి పూర్తిగా పోయింది మామా. రెండోది కూడా ఏడాదికంటే ఉండదని అనంతపురంలో డాక్టరు చెప్పినాడు. చెవికి మిషన్ పెడితే మాటలు తెలుస్తాయంట గానీ, గొంతులు పోల్చుకునేది కష్టమంట." ఆమె క్యాసెట్‌ను కొంచెం ముందుకు తోసింది. "మా నాయన గొంతు ఎట్లుంటాదో నాకు తెలీదు. ఇది పెడదామంటే అమ్మ ఆయన కాదంటాది. ఆయన కాకుంటే ఎవరు మామా ఇది? అమ్మ చెవి ఉండంగానే తేలాల. ఆమె తప్ప చెప్పేవాళ్లు ల్యారు."

"నేను ల్యానా?" అన్నాను. "ఇది మీ నాయనే."

క్యాసెట్ పెట్టి వినిపించాను. నాకు ప్రతి మలుపూ కంఠతా వచ్చు. నా దగ్గరున్న నకలును వారానికొకసారైనా వినేవాణ్ని, పనిలేని రోజుల్లో రోజూ వినేవాణ్ని. జయరాముణ్ని తలచుకుంటే నా చెవిలో మోగేది ఆ గొంతే. సుజాత చేతులు ఒళ్లో పెట్టుకుని చివరిదాకా విని, "ఇంత సన్నగా ఉండెనా మామా?" అని అడిగింది.

"సన్నగానే ఉండె."

"ఫోటోలో చూస్తే అట్ల అనిపీదు."

"ఫోటోలోంచి గొంతొస్తాదా?"

ఆమె నవ్వలేదు. "అమ్మతో ఒక్క మాట అనిపించు మామా, ఆయనేనని. అప్పుడు నమ్ముతా."

"అంటే, నేను చెప్తే నమ్మవు."

"నువ్వు చెప్తే సగం నమ్ముతా," అంది. సగం. నలభై రెండేళ్ల అనుభవానికి ఆ పిల్ల ఇచ్చిన మార్కులవి. ఆ మాట మీదే మర్నాడు వస్తానని చెప్పాను.

పొద్దున్నే టేప్ రికార్డర్ సంచిలో పెట్టుకుంటుంటే రమీజా గుమ్మంలో నిలబడింది. "కొట్లాడను పోతాండావా, మాట్లాడను పోతాండావా?"

"నిజం తేల్చను పోతాండా."

"ఏదైనా కానీ. నోరు మాత్రం ఈడ పెట్టి పో," అంది.

ఈసారి మార్కెట్టు చుట్టి పోలేదు. నేరుగా ఆ వీధిలోంచే వెళ్లాను. మగ్గం అదే గదిలో, అదే గుంట మీద ఉంది. చీర దిగిపోయి, కొత్త దారాలు ఇంకా ఎక్కించలేదు. నాగలక్ష్మమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి, నిన్ననే కలిసిన మనిషితో మాట్లాడినట్టు, "రా అన్నా," అంది. "చెవులు చెడినాయి నాకు. నువ్వప్పుడే చెప్పింటివి కదా."

ఆమె కోపంగా అనలేదు. నవ్వుతూనే అంది. నాకు మాత్రం కూర్చోవడానికి చోటు కనబడలేదు. రమీజా చెప్పింది గుర్తొచ్చి నోరు మూసుకుని, టేప్ రికార్డర్ నేల మీద పెట్టాను. నాగలక్ష్మమ్మ తన మంచి చెవిని స్పీకరుకు ఆనించి, పాట మొదటినుంచి చివరిదాకా వింది. తల ఎత్తి, "కాదు," అంది.

కోపం గొంతుదాకా వచ్చింది. మింగాను. "పాట ఆయనదేనా?"

"పాట ఆయనదే."

"నడుమ బావా అని నన్ను పిలిచినాడే, అదీ అబద్దమా?"

"ఆ మాటా ఆయనదే."

"మరి కాదంటావేందిమ్మా?"

"గొంతు సంగతి ఇడ్సిపెట్టన్నా. గొంతంటే నువ్వు కొట్లాడతావు. మగ్గం ఇను." ఆమె వేలితో టేప్ రికార్డర్‌ను చూపించింది. "ఈ వేగానికి పక్క నాడె ఎవరు తోస్తారు? ఆ పొద్దు పక్కన కూసున్నది నేను. ఏడు నెల్ల కడుపుతో. నా చెయ్యి అంత ఉరకల్యా."

నేను పాటను మళ్లీ పెట్టాను. ఈసారి జయరాముణ్ని వదిలేసి, వెనకనున్న మగ్గాన్ని విన్నాను. దెబ్బ మీద దెబ్బ, మధ్యలో సందు లేకుండా పడుతోంది. అంత వేగంగా నేసేవాడు ధర్మవరంలో అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు. వేగం సరిచూస్తానని బోర్డు రాయించుకున్నవాణ్ని, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ మగ్గాన్ని వినలేదు.

అప్పుడు సెల్లులు గుర్తొచ్చాయి. అవి కొత్తవి కావు. అప్పట్లో అయిపోయిన సెల్లుల్ని మిద్దె మీద ఎండలో రెండు రోజులు పెట్టేవాళ్లం. మా అనంతపురం ఎండకు వాటిలో కొంచెం ప్రాణం వచ్చేది. ఆ రోజు నేను వేసినవి ఆ ఎండబెట్టిన సెల్లులే. టార్చిలో వేస్తే వెలుగు మసకగా వస్తుంది, అంతటితో సరి. టేప్ రికార్డర్‌లో వేస్తే మోటారు మెల్లగా తిరుగుతుంది. మెల్లగా తిరిగే మోటారు మీద పట్టిన పాటను కరెంటు మీద సరైన వేగంతో తిప్పితే, అది ఉరుకుతుంది, గొంతు సన్నబడుతుంది. కొట్టుకొచ్చేవాళ్లకు ఈ పాఠం వందసార్లు చెప్పి ఉంటాను. దినాల రోజు మాత్రం నా తప్పును ఆమె చెవులకు అంటగట్టాను.

ఆమె మంచి చెవి దగ్గరికి వంగి, "తప్పు నాది చెల్లెలా. ఎండబెట్టిన సెల్లులేసి పట్టినా," అన్నాను. "ఆ పొద్దు అన్న మాట కూడా తప్పే. చెడింది నా చెవులు."

ఆమె నా ముఖం చూసింది. "కొత్త సెల్లులు కొనేకి దుడ్లు యాడుండె అప్పుడు మనకు," అంది. నన్ను నాలుగు తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

సుజాత ఫోన్ తీసింది. "వేగం తగ్గించేది ఫోన్లోనే ఉండాది మామా. తగ్గిస్తే సరిపోదా?"

"ఎంత తగ్గిస్తావు పాపా? కొంచెం తగ్గిస్తే ఒక మనిషొస్తాడు, ఇంకొంచెం తగ్గిస్తే ఇంకో మనిషొస్తాడు. వాళ్లలో మీ నాయన ఎవరో ఫోన్ చెప్తాదా?"

మేమలా మాట్లాడుకుంటుండగానే నాగలక్ష్మమ్మ లేచి, గోడ పట్టుకుని మగ్గం దగ్గరికి నడిచింది. పక్కన తన చోట పీట వేసుకుని కూర్చుంది. గూట్లోంచి ఉత్త నాడె ఒకటి తీసి చేతిలో పట్టుకుని, "పెట్టన్నా," అంది. "నువ్వు ఆ మోటారు తగ్గించుకుంటా రా. నా చేతికి అందినప్పుడు చెప్తా."

ఇంత వయసొచ్చాక ఆ చేతికి ఆ వేగం గుర్తుంటుందా అని నాకు అనుమానమే. కానీ అనుమానించే హక్కు ఆ గదిలో నాకు లేదు. టేప్ రికార్డర్‌ను ఆమె మంచి చెవి పక్కకు జరిపి, శబ్దం పూర్తిగా పెంచి, వెనక మూత తీశాను. మోటారు వెనక చిన్న బెజ్జం ఉంటుంది, లోపల వేగం స్క్రూ. పాట పెట్టి కొద్దికొద్దిగా తిప్పాను. ఆమె కళ్లు మూసుకుని, చేతిని అటూ ఇటూ కదిలిస్తోంది. మగ్గం దెబ్బ ముందు, ఆమె చెయ్యి వెనక. ఇంకొంచెం తిప్పాను. మరీ మెల్లగా అయింది, ఆమె తల అడ్డంగా ఊపింది. వెనక్కి తిప్పాను. ఒకచోట దెబ్బకూ దెబ్బకూ మధ్య ఆమె చెయ్యి సరిగ్గా వచ్చి కూర్చుంది. ఆమె కళ్లు తెరవలేదు గానీ, చెయ్యి ఇక ఆగలేదు.

అయిపోయిందనుకున్నాను. కాలేదు. పాట సగానికి వచ్చేసరికి మగ్గం మళ్లీ ఉరకడం మొదలుపెట్టింది. "మళ్లీ పరిగెత్తుతాండాడు సూడు," అందామె. నిజమే. ఆ రోజు పాట పట్టేకొద్దీ సెల్లులు నీరసించాయి కాబట్టి, ఇప్పుడు తిప్పేకొద్దీ వేగం పెరుగుతూ పోతుంది. ఒకసారి సరిచేసి చేతులు దులుపుకునే పని కాదది. పాట సాగినంతసేపూ నేను స్క్రూ తిప్పుతూనే ఉండాలి, ఆమె చేతిని చూస్తూనే ఉండాలి. మూడుసార్లు వెనక్కి తిప్పి మొదటినుంచి పెట్టాం. మూడుసార్లూ ఎక్కడో ఒకచోట నా వేళ్లు ముందుకో వెనక్కో పోయాయి. ఆమె ఒక్కసారి కూడా తప్పలేదు. నాలుగోసారికి సుజాత తన ఫోన్‌ను స్పీకరు పక్కన పెట్టి, రికార్డింగ్ నొక్కింది.

ఈసారి నేను ఆమె చెయ్యి తప్ప ఇంకేమీ చూడలేదు. పాట నింపాదిగా నడుస్తోంది. బరువైన గొంతు, చరణం చివర కొంచెం జీర. నాకది కొత్తగా వినబడింది. ఎవరిదో గొంతు అనిపించింది, దాంతో భయమేసింది. తప్పు వేగానికి దించానా అని ఆపబోయాను. ఆమె చెయ్యి మాత్రం నిలకడగా కదులుతూనే ఉంది, కాబట్టి నేనూ ఆగలేదు. అంతలో పాట మధ్యలో అతను పాడడం ఆపి, "ఏం బావా, పడతాండాదా?" అని అడిగాడు.

జయరాముడే. సాయంత్రాలు కొట్టు ముందు సైకిల్ ఆపి నన్ను పిలిచిన గొంతు అది. ఇన్నేళ్లూ నేను స్నేహితుడనుకుని విన్నది నా సెల్లుల తప్పును. దాన్నే విని విని, అసలు మనిషిని నా చెవిలోంచి నేనే తుడిచేసుకున్నాను. వినను పొమ్మన్న ఆమె దగ్గర అతను ఉన్నవాడు ఉన్నట్టే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది. రెండు చేతులూ పనిలో ఉన్నాయి, కళ్లు తుడుచుకోవడానికి వీల్లేదు. అలాగే ఏడుస్తూ తిప్పాను.

"ఈయనే," అంది నాగలక్ష్మమ్మ. నాడె తోస్తూనే, కూతురి వైపు తల తిప్పి మళ్లీ చెప్పింది. "ఈయనే మే, మీ నాయన."

తండ్రి పోయిన నలభయ్యో రోజున పుట్టింది సుజాత. ఆమె స్పీకరు ముందు నేల మీద మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఎవరికీ వినబడకూడదన్నట్టు, పెదవుల మీదే ఒక మాట అంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది.

తల్లి ఆమె నోరు కదలడం చూసింది. "ఏమంటివి?"

"ఏం లేదు మా."

"ఏమో అంటివి. చెప్పు."

"నాయనా అంటి," అంది సుజాత, తల వంచుకుని.

నాగలక్ష్మమ్మ చెయ్యి పాట మధ్యలో మొదటిసారి ఆగింది. నాడె ఒళ్లో పెట్టుకుని, మంచి చెవిని కూతురి వైపు తిప్పింది. "నీ నోట ఆ మాట నేను ఇంతవరకు ఇనల్యా పాపా. గట్టిగా పిలువు. చెవి ఉండంగానే ఇననీ."

స్పీకరులో పాట ఇంకా నడుస్తోంది. సుజాత తల ఎత్తి, వీధికి వినబడేంత గట్టిగా పిలిచింది.